దాచిన మంచాలు

బిజినెస్ స్కూల్లో చేరిన మొదటి వారంలోనే ఆమె పేరు పోయి అక్క మిగిలింది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. క్లాసులో అందరికంటే పెద్దది, ముప్పై ఆరేళ్ళ మనిషి, జడ ముడేసి పిన్ను గుచ్చుకునే మనిషి, పక్కవాళ్ళు తుమ్మితే "మాత్ర వేసుకున్నావా?" అని అడిగే మనిషి. అక్క అనక ఇంకేమంటారు? ప్రొఫెసర్లు కూడా ఒకరిద్దరు నోరు జారి అక్కగారూ అన్నారు. ఆమెకు అది బాగానే అనిపించింది. పన్నెండేళ్ళు ఆసుపత్రిలో సిస్టర్ అనిపించుకున్నాక ఈ పిలుపు ఏం కొత్త? కాకపోతే అక్కడ సిస్టర్ అని పిలిచినందుకు జీతం ఇచ్చేవాళ్ళు. ఇక్కడ అక్కా అంటూ వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి పట్టుకుపోయేవాడు. అక్క అనే పిలుపు ఉందే, దానంత మర్యాదగా కనిపించే వెట్టిచాకిరి ఇంకోటి లేదు.

ఆమె పనిచేసింది ఓ పెద్దాసుపత్రిలో, మూడో అంతస్తు వార్డులో. మామూలు నర్సుగా చేరి ఇన్‌ఛార్జి అయింది. అక్కడి పెద్ద డాక్టరుకి ఆమె మీద గురి. ఒకరోజు గదికి పిలిపించి, "మన అడ్మినిస్ట్రేటరు రిటైరవుతున్నాడమ్మా. ఆ కుర్చీలో నిన్ను చూడాలని నాకుంది. బోర్డు వాళ్ళేమో బిజినెస్ డిగ్రీ లేనిదే కుదరదంటారు. వెళ్ళి చదువుకుని రా. అప్పటిదాకా ఎలాగోలా నెట్టుకొస్తాను," అన్నాడు.

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ, "పైకెళ్ళేది వస్తే ఎక్కెయ్యాలి. మధ్యలో ఆగిపోతే తలుపు తీయడానికి నేను లేనూ?" అన్నాడు. నాలుగో తరగతి చదివే కూతురు మాత్రం, "అమ్మా, నీకూ హోంవర్కు ఇస్తారా?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసే ఆమె బయలుదేరింది. వార్డు ఇన్‌ఛార్జి పని తన కింద పని నేర్చుకున్న అమ్మాయికి అప్పగించింది. అంటే చదువు పూర్తయితే పైన ఓ కుర్చీ ఉంది, కాకపోతే కింద కూర్చోవడానికి పాత కుర్చీ కూడా లేదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. తెలిసే వచ్చింది.

ఆమె వార్డులో ఎలా పనిచేసేదో ఇక్కడ చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఆసుపత్రిలో డ్యూటీ మారేటప్పుడు వెళ్ళే నర్సు వచ్చే నర్సుకి వార్డు అప్పగించాలి. ఒక్కో మంచం దగ్గరా ఆగి, ఈయనకి ఏం ఎక్కుతోంది, ఆవిడకి ఏది పడదు, ఈ తాతకి ఎడమ చెవి వినపడదు కాబట్టి కుడివైపు నిలబడి మాట్లాడాలి, ఆ మూలమంచం అబ్బాయి నొప్పి ఉన్నా లేదంటాడు, ఇవన్నీ చెప్పాలి. చివరికి వచ్చిన నర్సు, "ఇంకేమైనా ఉందా?" అని అడుగుతుంది. వెళ్ళే నర్సు, "ఇంకేం లేదు," అనాలి. ఆ మాట అనేముందు అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుని వార్డంతా మనసులో ఓసారి తిరిగొచ్చేది. ఏదీ తనతో ఇంటికి పోకూడదు. తెలిసినదంతా వచ్చినవాళ్ళ చేతిలో పెట్టి, ఖాళీగా మెట్లు దిగాలి. పన్నెండేళ్ళలో ఆమె ఒంట్లో జీర్ణించుకుపోయిన పద్ధతి అది. బిజినెస్ స్కూల్లో ఆమెను ముంచింది కూడా అదే.

క్లాసు గది అర్ధచంద్రంగా, మెట్లు మెట్లుగా ఉండేది. ఒక్కొక్కరి ముందూ పేరు రాసిన అట్ట. అట్టడుగున, బోర్డు ముందు, అటూ ఇటూ తిరిగే ప్రొఫెసర్. పాఠం చెప్పడమనేది ఉండదు. ఏదో ఒక కంపెనీ చిక్కులో పడ్డ కథను ముందురోజే చదువుకు రావాలి, దాన్నే కేసు అంటారు. క్లాసులో అందరూ దానిమీద వాదించాలి. మాట్లాడినవాళ్ళకి మార్కులు, నోరు విప్పనివాళ్ళకి గుండుసున్నా. ఒకరు చెప్పేసిన మాట రెండోవాళ్ళు చెబితే లెక్కలోకి రాదు. మూడు సబ్జెక్టుల్లో అట్టడుగున మిగిలినవాళ్ళని రెండో టర్ములో అడుగుపెట్టనివ్వరు. సగానికి సగం మార్కులు నోటి మీదే ఆధారపడి ఉంటే, నోట్లో నాలుక లేనివాళ్ళ గతేమిటని అడిగిన నాథుడు లేడు.

అక్కకి మాట్లాడటం రాక కాదు. వార్డులో ఆవిడ ఒక్క కేక వేస్తే చుట్టాలందరూ కాఫీ ఫ్లాస్కులతో సహా బయట ఉండేవాళ్ళు. కానీ డాక్టరు రౌండ్సుకి వచ్చినప్పుడు నర్సు తనంతట తాను నోరెత్తదు. డాక్టరు అన్నీ చూసి, ఇటు తిరిగి, "సిస్టర్?" అంటే అప్పుడు చెప్పాలి. ఆ అలవాటే ఆమెకు గొంతులో అడ్డం పడింది. చేయి సగం లేచేది. లేచి, ఎవరో తనవైపు తిరుగుతారేమోనని ఆగేది. ఈలోపు చుట్టూ చేతులు టపటపా లేచి, మాటలు టపటపా పడి, ఆమె అనుకున్నది ఇంకెవరో అనేసి, బోర్డు మీదికి ఎక్కిపోయేది. ఆమె లేచిన చేతిని జుట్టు సర్దుకోవడానికి వాడుకునేది. ఆ టర్మంతా ఆమె జుట్టు చెదరనేలేదు.

హాస్టల్లో ఆమెతో గదిలో ఉన్న అమ్మాయిని అందరూ వాగుడుకాయ అనేవాళ్ళు. ఇరవై నాలుగేళ్ళు. నిద్రలో కూడా ఎవరితోనో పోట్లాడేది. సబ్బు మూత పెట్టదు, తడి తువ్వాలు పక్క మీద పడేస్తుంది, అక్క టీ కప్పులోనే తాగేస్తుంది, ఆ తాగిన కప్పు కడగదు. కానీ మనసులో ఏదీ దాచుకోని పిల్ల. అక్కకి జ్వరం వస్తే క్లాసు మానేసి పక్కన కూర్చుని, నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, గుడ్డ మార్చడం మర్చిపోయి తన చిన్నప్పటి కథ మొదలుపెట్టింది. ఆ రోజునుంచి అక్కకి ఆ పిల్ల మీద ప్రేమ. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఉంటే ఎంత బాగుండేది!

వాగుడుకాయ కేసు చదివేది కాదు. చదవడానికి కూర్చుంటే పది వాక్యాలకే దిక్కులు చూసేది. అక్క మాత్రం అక్షరం వదలకుండా చదివేది, పట్టికల కింద చిన్న అక్షరాలతో సహా. రోగి చార్టు చదివినట్టు చదివేది. సాయంత్రం మెస్సులో చివరి బల్ల దగ్గర వాళ్ళ గుంపు కూడేది. వాళ్ళిద్దరూ కాక ఇంకో ఇద్దరు. లా చదివొచ్చిన కుర్రాడు లాయరు, బ్యాంకులో పనిచేసొచ్చినవాడు బ్యాంకుబాబు. ముగ్గురూ బిస్కెట్లు ముందేసుకుని, "అక్కా, మొదలుపెట్టు," అనేవాళ్ళు.

అక్క మొదలుపెట్టేది. ఈ కంపెనీకి ఏం జబ్బు, ఎప్పటినుంచి, ఎవరు ఏం మందు వాడారు, అది ఎందుకు పనిచేయలేదు. ఒక్కటీ మిగుల్చుకోకుండా చెప్పేది. చివర్లో లాయరు, "అంతేనా అక్కా, ఇంకేమైనా ఉందా?" అనేవాడు. ఆ మాట వినగానే ఆమె కళ్ళు వాటంతటవే మూసుకునేవి. ఏదైనా మిగిలితే అదీ చెప్పేసేది. మర్నాడు క్లాసులో లాయరు ఒక మాట అనేవాడు, బ్యాంకుబాబు ఒకటి, వాగుడుకాయ మూడు. మిగిలిన నాలుగు మాటలూ అక్క చేయి సగం లేచి ఉండగానే గదిలో ఇంకెవరికో తట్టేవి.

ఒకరోజు క్లాసయ్యాక లాయరు సంతోషం పట్టలేక, "అక్కా, నీ పాయింటు చెప్తే సారు బోర్డు మీద రాశాడు చూశావా!" అన్నాడు. అక్క కూడా నవ్వింది. నిజంగానే నవ్వింది. అప్పగించిన రోగిని తర్వాతి డ్యూటీ వాళ్ళు బాగా చూసుకుంటే వెళ్ళిన నర్సుకి ఎంత తృప్తో, అంత తృప్తి. గదికొచ్చి తలుపేసుకున్నాక మాత్రం తన నోట్సులో ఆ పాయింటు మీద గీత కొట్టేసింది.

టర్ము మధ్యలో ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఆఫీసు గదిలో కూర్చున్నావిడ మంచిదే, గాజు గిన్నెలో చాక్లెట్లు పెట్టుకుని, ఒకటి తీసుకోమని చెప్పి, ఆపైన చావుకబురు చల్లగా చెప్పింది. రెండు సబ్జెక్టుల్లో అక్క అట్టడుగున ఉంది, అవి ఇక లేచేలా లేవు. మూడోది ఆపరేషన్స్, అంటే కంపెనీలో పనులు నడిపే పద్ధతుల సబ్జెక్టు. అది చెప్పే ప్రొఫెసర్‌ని పిల్లలు గద్ద అనేవాళ్ళు, ఎవరు చదువుకురాలేదో పైనుంచి కనిపెట్టి వాలతాడని. అందులో కూడా అడుగునే ఉంటే ఇంటికి వెళ్ళిపోవాలి.

"మీరు రాసింది బాగానే ఉంది మేడమ్. మాట్లాడాలి మీరు. ఒక్కసారైనా గట్టిగా మాట్లాడితే చాలు," అంది ఆవిడ.

అక్క చాక్లెట్టు తీసుకుని చేతిసంచిలో వేసుకుంది. కూతురికి ఇద్దామనుకుంది.

ఆ సాయంత్రం మొగుడికి ఫోన్ చేస్తే ఆయన పడీపడీ నవ్వాడు. "నువ్వా? మాట్లాడటం లేదా? ఇంట్లో నాకు ఒక్క ఛాన్సు ఇచ్చావా ఇన్నేళ్ళలో? నన్ను కూర్చోబెట్టు ఆ క్లాసులో, నా ఫోటో పెట్టుకో, నన్ను తిడుతున్నాననుకుని మొదలెట్టు!"

ఆమె కూడా నవ్వింది. నవ్వు సగంలో ఏడుపైంది.

"ఏయ్. ఏమైంది?"

"ఏం లేదండీ. పాప తిందా?"

"తింది. నువ్వు వచ్చెయ్యకూడదూ, అంత కష్టమైతే?"

"వచ్చి?" అంది ఆమె. ఆయన పాపను పిలిచాడు. పాప లైన్లోకి రాగానే, "అమ్మా, నీకు ఫస్ట్ ర్యాంకేనా? మా టీచరుకి చెప్పేశాను," అంది.

ఆ తర్వాతి వారాలు ఎలా గడిచాయో చెప్పడానికేం లేదు. ఆమెకు తిండి సయించలేదు. అద్దం ముందు నిలబడి చేయెత్తడం సాధన చేసింది. గద్ద క్లాసులో రెండుసార్లు మాట్లాడింది కూడా. ఒకసారి ఎవరో అప్పటికే అన్నది. ఇంకోసారి గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, గద్ద చెవి దగ్గర చేయి పెట్టుకుని "ఏంటండీ?" అన్నాడు, క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది, ఆమె "ఏం లేదు సార్," అని కూర్చుంది.

చివరి క్లాసుకి కేసు ఇచ్చారు. తెరిచి చూస్తే అదో ఆసుపత్రి కథ.

కింద క్యాజువాలిటీలో రోగులు స్ట్రెచర్ల మీద గంటలు గంటలు పడి ఉంటున్నారు. పైన వార్డుల్లో మంచాలు చాలడం లేదని యాజమాన్యం కొత్త అంతస్తు కట్టాలంటోంది. కట్టాలా, వద్దా? ఇదీ కేసు. చివర్లో ఓ పట్టిక, ఏ గంటకి ఎన్ని మంచాలు ఖాళీ అయినట్టు కిందికి కబురొచ్చిందో. పొద్దున్న ఏమీ లేవు. మధ్యాహ్నం పన్నెండుకీ లేవు, ఒంటిగంటకీ లేవు. రెండు దాటగానే మంచాలన్నీ ఒక్కసారి ఖాళీ.

అక్క ఆ పట్టిక వైపు చూసింది. అది ఎవరి ఆసుపత్రో ఆమెకు తెలియదు, కానీ ఆ రెండు గంటల సంగతి మాత్రం ఆమెకు తెలిసినంత ఆ క్లాసులో ఇంకెవరికీ తెలియదు. అన్నేళ్ళు ఆ పని ఆమే చేసింది.

మొట్టమొదటిసారిగా ఆమె అనుకుంది: ఇది చెప్పను. మిగతావన్నీ చెబుతాను, ఇది ఒక్కటి మాత్రం నాకు. ఆ సాయంత్రం మెస్సులో ముగ్గురికీ అన్నీ చెప్పింది. లాయరు అలవాటుగా, "ఇంకేమైనా ఉందా?" అన్నాడు. అక్క కళ్ళు మూసుకోలేదు. టీ కప్పులోకి చూస్తూ, "ఏముంటుంది," అంది. ఉందనీ లేదనీ కాకుండా ఆ మాట అనడానికే ఆమెకు చెమటలు పట్టాయి.

గదికొచ్చేసరికి వాగుడుకాయ పక్క మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. మాట్లాడటం లేదు. ఆ పిల్ల మాట్లాడకపోవడం అక్క ఎన్నడూ చూడలేదు.

"ఏమైందే?"

"నన్నూ పిలిచారక్కా ఆఫీసుకి. ఇవాళ. నాకు నోటి మార్కులున్నాయి కానీ రాసినవన్నీ గాలికి పోయాయంట. గద్ద సబ్జెక్టులో రేపు గట్టిగా మార్కులు రాకపోతే నేనూ అంతే." ముక్కు ఎగబీల్చింది. "నాన్నకి చెప్పలేనక్కా. అన్నయ్యకేమో ముందే తెలుసు నేను ఫెయిలవుతానని, మొన్న చుట్టాల పెళ్ళిలో కూడా అందరి ముందూ అన్నాడు. నా వల్ల ఏదీ కాదంట. నిజమేగా? నేను వాగుతాను అంతే. లోపల ఏం లేదు."

ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. అక్క వెళ్ళి పక్కన కూర్చుంది. వీపు నిమిరింది. తన కష్టం తనకి పీకల దాకా ఉంది, అయినా రోగి ఏడుస్తుంటే నర్సు తన కడుపునొప్పి సంగతి ఎత్తుతుందా? ఒళ్ళు మండేది ఇక్కడే. ఎత్తి ఉండాల్సింది. ఆ ఒక్కసారికి ఎత్తి ఉండాల్సింది.

"ఆ పట్టిక చూశావా?" అంది అక్క.

చెప్పేసింది. పన్నెండింటికే మంచం ఖాళీ అవుతుంది, కానీ వార్డు నర్సులు కిందికి చెప్పరు. మంచం చుట్టూ తెర లాగేసి, లోపల ఎవరో ఉన్నట్టే ఉంచుతారు. రెండింటికి డ్యూటీ మారాక బయటపెడతారు. అందుకే ఆ అంకెలన్నీ రెండింటికి లేస్తాయి. మంచాలు చాలక కాదు, దాచేయడం వల్ల.

వాగుడుకాయ ఏడుపు ఆపి నోరు తెరిచింది. "దాచేస్తారా? మంచాన్నా? ఎందుకక్కా, బద్ధకమా?"

"బద్ధకం కాదే." అక్క గొంతు తగ్గింది. "కొత్తలో ఒకసారి నేను దాచలేదు. ఒంటిగంటన్నరకి కొత్త రోగిని పంపించారు. వాడికి సూది, సెలైను, కాగితాలు, అన్నీ హడావుడి. ఆ గోలలో అప్పగించేటప్పుడు కిటికీ పక్క పెద్దాయన సంగతి చెప్పడం మర్చిపోయాను. ఒక మందు ఆయనకి పడదు. సాయంత్రం డ్యూటీ అమ్మాయి తెలియక ఇచ్చేసింది. ఊపిరి ఆగిపోయింది. ఎలాగో వెనక్కి తెచ్చారు. కానీ ఆయన భార్య నా వైపు చూసిన చూపుందే..." ఆగింది. "ఆ రోజునుంచి నేను అప్పగింతలో ఒక్క మాట వదల్లేదు. ఆ రోజునుంచే మంచాలు దాచాను. చివరి గంటలో ప్రశాంతంగా అప్పగించాలంటే కొత్త మనిషి రాకూడదు. అదీ సంగతి. కొత్త అంతస్తు కట్టినా అందులోనూ దాచేస్తారు. రెండు డ్యూటీల వాళ్ళు ఒక గంట కలిసి ఉంటే చాలు, ఒకరు అప్పగిస్తారు, ఇంకొకరు కొత్త రోగిని చూసుకుంటారు. ఎవరూ ఏదీ దాచక్కర్లేదు. ఆ కుర్చీలో కూర్చుంటే నేను చేద్దామనుకున్న మొదటి పని అదే."

ఇలా ఆమె ఆ అమ్మాయికి అన్నీ అప్పగించేసింది. ఆ తర్వాత గుర్తొచ్చి, "కానీ ఇది రేపు నేను చెబుతానే. మిగతావన్నీ నువ్వు తీసుకో. ఇది ఒక్కటీ నాకు ఉంచు. నాకున్నది ఇదొక్కటే," అంది.

"అయ్యో అక్కా, అది నీది! నేను ముట్టుకుంటానా? ఒట్టు!" అని వాగుడుకాయ ఆమెను కావలించుకుంది. నిజంగానే ఒట్టేసింది. ఆ క్షణాన ఆ పిల్ల మనసులో కల్మషం లేదు.

మర్నాడు క్లాసులో గద్ద లోపలికొస్తూనే అట్టలన్నీ ఓసారి చూసి, వాగుడుకాయ పేరు పిలిచాడు. "మొదలుపెట్టండి."

వాగుడుకాయ మొదలుపెట్టింది. అక్క ఇచ్చిన మొదటి మాట, రెండోది, మూడోది. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. గద్ద తల ఊపలేదు. "ఇవన్నీ కేసులోనే ఉన్నాయి. మీకు తట్టిందేమిటి?" అన్నాడు. వాగుడుకాయ నాలుగోది అంది. "తర్వాత?" అన్నాడు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. రెండు వరసల కిందున్న అక్క వెనక్కి తిరిగి చూసింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు.

"కూర్చుంటారా?" అన్నాడు గద్ద.

"మంచాలు దాచేస్తారు సార్!" అనేసింది వాగుడుకాయ. "వార్డు నర్సులు! ఖాళీ అయిన మంచం చుట్టూ తెర లాగేసి, డ్యూటీ మారేదాకా ఎవరికీ చెప్పరు. అందుకే అన్నీ రెండింటికే ఖాళీ అవుతాయి!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాగానే క్లాసంతా ఘొల్లున నవ్వింది. ఎవడో వెనకనుంచి, "తెర లాగి లోపల నిద్రపోతారేమో!" అన్నాడు. నవ్వు రెట్టింపయింది. గద్ద కూడా నవ్వాడు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీశాడు. "ఈ టర్ములో నేను విన్నవాటిలో ఇదే మేలైనది," అన్నాడు.

అక్క ఆ బోర్డు వైపు చూసింది. అందులో రెండు గంటలున్నాయి, తెర ఉంది, నర్సులున్నారు. కిటికీ పక్క పెద్దాయన లేడు. ఆయన భార్య లేదు. ఒంటిగంటన్నర గోల లేదు. బద్ధకస్తులైన ఆడవాళ్ళు కొందరు మిగిలారంతే. సగం అప్పగింత. సగం అప్పగింత ఎంత ప్రమాదమో ఆమెకు తెలుసు. ఆ మిగిలిన సగం ఈ గదిలో ఇంకెవరికీ తట్టే అవకాశం లేదు.

అప్పుడే గద్ద ఆమె వైపు తిరిగాడు. ఈ టర్మంతా ఆమె ఎదురుచూసింది అందుకే. ఒకరు తనంతట తాను ఇటు తిరిగి అడగడం కోసం.

"మీరు ఆసుపత్రి నుంచే వచ్చారు కదూ? నిజమేనా ఇది? నిజంగా దాచేస్తారా?"

"నిజమే సార్," అంది అక్క. మళ్ళీ చిన్న నవ్వు అలా పాకింది. గద్ద చేయెత్తి దాన్ని ఆపాడు. ఓపిగ్గానే నిలబడ్డాడు. పాపం, ఆయన తప్పు కూడా ఏమీ లేదు.

"చెప్పండి. ఇంకేమైనా ఉందా?"

ఆమె కళ్ళు మూసుకుంది. వార్డంతా కనిపించింది. కిటికీ పక్క మంచం కనిపించింది. అంతా నాలుక చివరే ఉంది. కళ్ళు తెరిస్తే అన్ని మొహాలూ తనవైపే, నవ్వడానికి సిద్ధంగా. పైన వాగుడుకాయ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఉంది. ఇప్పుడు నోరు విప్పితే ఆ పిల్ల మాట తనదని అందరికీ తెలిసిపోతుంది. తెర లాగిన చేతులు ఎవరివో కూడా తెలిసిపోతుంది.

"ఇంకేం లేదు సార్," అంది.

పన్నెండేళ్ళలో ఆ మాట ఎన్ని వేలసార్లు అందో. మిగిలిందని తెలిసీ అనడం మాత్రం అదే మొదలు.

ఫలితాలు వచ్చిన రోజు ఆఫీసావిడ ఆమెకు మళ్ళీ చాక్లెట్ల గిన్నె చూపించింది. ఆమె తీసుకోలేదు. వాగుడుకాయ గట్టెక్కింది. గదిలో అక్క పెట్టె సర్దుకుంటుంటే ఆ పిల్ల తలుపు దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రావడానికి మొహం చెల్లక. "నేను వెళ్ళి సారుకి చెప్పేస్తానక్కా, అది నీదని," అంది. అక్క తల అడ్డంగా ఊపింది. చెబితే ఇద్దరూ పోతారు, అంతేగా. కిటికీ గడియ కొంచెం పైకి ఎత్తి తొయ్యాలనీ, గీజరు వేసినప్పుడు ఫ్యాను ఆపెయ్యాలనీ, ఇకముందైనా కేసులు చివరిదాకా చదువుకోమనీ చెప్పింది. వాగుడుకాయ ఏడుస్తూనే అన్నిటికీ తలూపింది. చివర అడగాల్సిన మాట ఆ పిల్ల అడగలేదు, అక్క చెప్పలేదు.

స్టేషన్లో మొగుడు పెట్టె అందుకున్నాడు. లిఫ్టు జోకు వెయ్యలేదు. పాప అమ్మ చేయి పట్టుకుని, "ఫస్టు రాలేదా? పర్లేదులే," అని పెద్ద ఆరిందాలా అంది. అక్క చేతిసంచిలోంచి ఆ చాక్లెట్టు తీసి ఇచ్చింది. అది కరిగి, మళ్ళీ గడ్డకట్టి, కాగితానికి అతుక్కుపోయి ఉంది.

పెద్ద డాక్టరు బాధపడ్డాడు. నిజంగానే. బోర్డు ముందు తన మాట పోయిందన్న చికాకు కూడా కొంత ఉంది, అది దాచుకున్నాడు. అడ్మినిస్ట్రేటరు కుర్చీలోకి బయటినుంచి డిగ్రీ ఉన్న మనిషిని తీసుకుంటామన్నాడు. మూడో అంతస్తులో ఒక నర్సు ఖాళీ ఉంది, కావాలంటే రమ్మన్నాడు. ఆమె కావాలంది.

మొదటి రోజు పొద్దుటి డ్యూటీ. ఒకప్పుడు తన దగ్గర సూది వెయ్యడం నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు ఇన్‌ఛార్జి. ఆమెను చూసి ఇబ్బందిపడి, కుర్చీలోంచి లేచి నిలబడింది. "కూర్చోమ్మా," అంది అక్క. మధ్యాహ్నం పన్నెండు దాటాక కిటికీ పక్క మంచం రోగి ఇంటికి వెళ్ళిపోయాడు. అక్క దుప్పటి మార్చి, దిండు సర్ది, కిందికి కబురు చెప్పే గోడ మీద ఫోను వైపు చూసింది. కింద స్ట్రెచర్ మీద ఎవరో ఉండే ఉంటారు. ఎప్పుడూ ఉంటారు.

ఇన్‌ఛార్జి అమ్మాయి ఆ చూపు కనిపెట్టింది. దగ్గరికొచ్చి, చనువుగా నవ్వి, మంచం చుట్టూ తెర సగం లాగింది.

"రెండింటికి చెబుదాంలే అక్కా. మీరు నేర్పిందేగా!"

అక్క తెర రెండో సగం తనే లాగింది.